లేదని రాసిచ్చే కాయితం

మా నాయన తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఈ ఒక్క వాక్యాన్ని సర్కారు కాగితం మీదికి ఎక్కించడానికి నేను ఏడాదిన్నర తిరిగాను. ఎక్కలేదు. కాగితాల ప్రకారం ఆయన ఇప్పటికీ మేమున్న కిరాయింటి పిట్టగోడ మీది నుంచి పడినవాడే. మాది రేకుల ఇల్లు, దానికి పిట్టగోడే లేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. అక్కడ నాయనది గీత పని, తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆ పని వదిలేసి పట్నం వచ్చేశాం. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి లోపలికి పోతే ఒక కాలనీ చివర వరసగా రేకుల గదులుండేవి. అందులో ఒకటి మాది. నాయన సెంట్రింగ్ పనికి పోయేవాడు. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలుండే హాస్టల్లో వంట చేసేది. రేషన్ కార్డును ఊరి నుంచి ఇక్కడికి మార్పించుకున్నాం గానీ, అందులో వృత్తి అన్నచోట 'గీత కార్మికుడు' అనే ఉండిపోయింది. దాన్ని కూడా మార్పించాలని ఎవరికీ తట్టలేదు.

బడంగ్‌పేట్ దాటి నాదర్‌గుల్ వైపు పోయే దారిలో ఒక ఊళ్లో కొత్త ఇల్లు లేస్తుంటే నాయన సెంట్రింగ్‌కి పోయాడు. ఆ ఇంటాయనది తాతల కాలం నుంచీ అదే ఊరు. పొలాలు ప్లాట్లయిపోతున్నా, గీత కార్మికుల సొసైటీలో ఆయన పేరు మీద తాటిచెట్లు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం సద్ది తింటూ నాయన ఆ చెట్ల వంక చూసి, గీత సరిగ్గా పడటం లేదని నోరు జారాడట. ఆయన నవ్వి, అంత తెలిసినోడివైతే ఎక్కి చూపియ్యి అన్నాడట. నాయన ఎక్కాడు. దిగేసరికి ఇద్దరూ బావాబావా అని పిలుచుకుంటున్నారు. మా నాయనకు స్నేహం కుదరడానికి అంతకన్నా పెద్ద కారణాలు అక్కర్లేదు.

అప్పటి నుంచి ఆయన నాకు మామ. అమ్మను చెల్లె అనేవాడు. రాఖీ పండుగ రోజు పొద్దున్నే మోటారు సైకిల్ మీద వచ్చి, అమ్మ హాస్టల్‌కి పోకముందే రాఖీ కట్టించుకుని పోయేవాడు. నాకు తాటిముంజలు తెచ్చేవాడు. నాకు ఆయనంటే ప్రాణం, ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా సరే.

గీసేవాళ్లలో ఒక అలవాటుంది. చెట్టుకు సెలవుండదు. నాలుగు పూటలు గీయకపోతే ఆ చెట్టు కల్లు ఆగిపోతుంది. అందుకని ఒకరింట్లో పెళ్లో, చావో, జ్వరమో వస్తే ఇంకొకరు వాళ్ల చెట్లు ఎక్కిపెడతారు. ఊళ్లో అయితే ఇది చేబదులు లాంటిది, అందరూ సొసైటీ సభ్యులే. ఇక్కడ నాయన సభ్యుడు కాడు. సభ్యుడు కానివాణ్ని ఎక్కిస్తే సొసైటీ ఆ చెట్లు వెనక్కి తీసుకుంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా మామకు ఎప్పుడు పని పడినా నాయన పొద్దున్నే పోయి నడుముకు చెట్టెక్కే మోకు తగిలించుకునేవాడు. పైన ఉంటే నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్ వైపు దిగే చిన్న విమానాలు దగ్గరగా కనిపిస్తాయని నాకు చెప్పేవాడు. సెంట్రింగ్ పని గురించి మాత్రం ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా, మామ ఒక ప్లాటు రిజిస్ట్రేషన్‌కి పోయిన రోజున, నాయన మామ చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది, ఎడమ కాలు పనికిరాకుండా పోయింది. కబురు అందగానే మామ పరుగెత్తుకొచ్చి ట్రాలీ ఆటోలో వేసుకుని దవాఖానకు తెచ్చాడు. దారిలో నాయన తల ఆయన ఒళ్లోనే ఉందట. స్పృహ వస్తూ పోతూ ఉన్నా ముందు మాట నాయనే అన్నాడట: "బావా, గోడ మీదికెల్లి పడ్డడని చెప్పు." మామ అలాగే చెప్పాడు. అమ్మ కూడా అదే చెప్పింది. డిశ్చార్జి కాగితంలో అదే రాశారు.

ఆ తర్వాత నెలల తరబడి మామ రోజూ వచ్చాడు, ఇది దాచను. నాయనను ఎత్తి బాత్రూముకు తీసుకుపోయాడు. గడ్డం గీశాడు. ఆ చేతులు చూసిన కళ్లతోనే తర్వాతవి కూడా చూడాల్సి వచ్చింది కాబట్టే నాకు ఇంత మంట.

నాయన ఇక లేచి పని చేయడని తేలేసరికి నేను ఇంటర్‌కి వచ్చాను. అమ్మ రెండో హాస్టల్ కూడా పట్టుకుంది. పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట. బంద్ రోజుల్లో బస్సులు, ఆటోలు ఉండేవి కావు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు, బందులు తక్కువేమీ కాదు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి హైవే వెంట నడిచి పోయి, నిలబడి వండి, నడిచి వచ్చేది. పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. ఆ రెండో హాస్టల్‌ని అమ్మతో మాన్పించాలి, అదొక్కటే నా పట్టుదల. వికలాంగుల పింఛన్ వస్తే మాన్పించొచ్చని లెక్క వేసుకుని, నాయన వద్దంటున్నా వినకుండా అమ్మను వెంటబెట్టుకుని మండలాఫీసుకు పోయాను.

అక్కడి క్లర్కు ఒకావిడ, మాట తీరును బట్టి కోస్తా వైపు మనిషి. కాగితాలన్నీ తిరగేసి కళ్లద్దాల పైనుంచి చూసింది.

"ఏమ్మా, రేషన్ కార్డులో గీత కార్మికుడని ఉంది. ఇక్కడేమో గోడ మీద నుంచి పడ్డారని ఉంది. చెట్టా, గోడా?"

అమ్మ నా చేయి గిల్లి, "గోడే మేడం" అంది.

"నేనెందుకు అడుగుతున్నానంటే, చెట్టు మీద నుంచి పడినవాళ్లకి ఎక్సైజు వాళ్లు వేరే సాయం ఇస్తారు. పెద్ద సాయమే. అలాంటిది ఉన్నప్పుడు ముందు అది అడగాలి. వాళ్లు లేదని రాసిస్తేనే మా పింఛను చూస్తాం. రూలు అలాగే ఉంది."

"చెట్టే మేడం," అన్నాను నేను.

అమ్మ గిల్లిన చోట ఇంకా మండుతోంది. ఆవిడ మా దరఖాస్తు మీద ఎర్ర సిరాతో ఏదో రాసి పక్కన పెట్టింది. "అయితే అక్కడ పెట్టుకోండి. ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే ఇవ్వలేదని కాగితం పట్టుకురండి. రెండింట్లో ఏదో ఒకటి వస్తుంది కదా," అంది. మంచిగానే చెప్పింది. నాకూ అలాగే అనిపించింది. పెద్ద సాయం వస్తే నాయన కూర్చుని నడుపుకునేలా ఇంటి ముందు ఒక చిన్న దుకాణం డబ్బా పెట్టొచ్చు. రాకపోతే పింఛన్ ఉంది. నిజం చెప్పడం వల్ల నష్టమేముందని ఆ వయసులో అనుకోవడం తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటాను.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను నానా మాటలూ అంది. నాయన ఒక్కటే అన్నాడు. "ఎందుకు చెప్పినవ్ బిడ్డా."

ఎక్సైజు ఆఫీసులో, సొసైటీ అధ్యక్షుడి ఉత్తరం తెమ్మన్నారు. ఆ అధ్యక్షుడు అప్పటికి మా మామే. అంతే కాదు, చౌరస్తా దగ్గర వేసిన దీక్షా శిబిరంలో రోజూ మైకు పట్టుకునేది కూడా ఆయనే. మెడలో ఉద్యమం కండువా, చుట్టూ పదిమంది. మన నీళ్లు, మన కొలువులు, మన బతుకులు అని ఆయన మాట్లాడుతుంటే నాకే ఒళ్లు పులకరించేది. కాలేజీ ఎగ్గొట్టి నేనూ ఆ శిబిరంలో కూర్చున్నాను, గొంతు పోయేలా నినాదాలిచ్చాను. ఎవరో బలవంతం చేస్తే కూర్చున్నదాన్ని కాదు.

ఉత్తరం సంగతి ఎత్తితే మామ ప్రేమగానే తల నిమిరేవాడు. "రాసిస్త బిడ్డా, జర ఈ రాస్తారోకో కానీ." రాస్తారోకో అయిపోయింది. "సమ్మె నడుస్తున్నది గదా, ఆఫీసులే తెరుస్తలేరు, ఎవరికిస్తవ్ ఉత్తరం?" సమ్మె కూడా అయిపోయింది. "తెలంగాణ రానీ, అప్పుడు మన ఆఫీసర్లే ఉంటరు. నువ్వు అడుగుడు కాదు, వాళ్లే ఇంటికొచ్చి ఇస్తరు." ఒక్క ఉత్తరం కోసం ఒక రాష్ట్రమే రావాలన్నమాట. అప్పుడు నాకు ఇది నవ్వులాటగా తోచలేదు, నమ్మాను.

ఆ మధ్య హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరికీ పెట్టే నిరసన అది. వందల మందికి వండేవాళ్లు కావాలి కదా, మామ నేరుగా అమ్మ దగ్గరికి వచ్చాడు. అమ్మ ఆ పూట హాస్టల్‌కి సెలవు పెట్టి, ఎండలో తారు రోడ్డు మీద నిలబడి పెద్ద గుండిగలో పప్పు, అన్నం వండింది. భోజనాల దగ్గర మామ విస్తరి పట్టుకుని అమ్మ పక్కనే నిలబడి తిన్నాడు. నేను వడ్డిస్తున్నాను.

"అన్నా," అంది అమ్మ. ఆ మాట అడగడం అమ్మకు చాలా కష్టమని నాకు తెలుసు. "నీ చెట్టు మీదికెల్లే పడ్డడని ఒక్క మాట రాసియ్యే. వాళ్లు ఇయ్యకున్నా మంచిదే. ఇయ్యం అని కాయితమొస్తే సాలు నాకు."

మామ చేయి ఆగింది. "చెల్లె, నీ చేతి కూడు తినుకుంట అబద్ధం చెప్త నేను? ఎంక్వయిరీకి వాళ్లు రానీ. నేనే వచ్చి నా నోటితోని చెప్త."

ఆ మాట పట్టుకుని, నేను ఉత్తరం కోసం ఆగకుండా ఎక్సైజు ఆఫీసుకు సొంతంగా అర్జీ రాశాను. ఏ ఊళ్లో, ఎవరి చెట్టు, ఎవరి బదులు ఎక్కాడు, అన్నీ రాశాను. చక్కని దస్తూరి నాది. స్కూల్లో బహుమతి కూడా వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఎక్సైజు ఎస్సై ఎంక్వయిరీకి వచ్చాడు. మామను కూడా పిలిపించాడు. మా గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఎస్సైకి వేశాం. మామ నాయన మంచం మీద, కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అమ్మ గుమ్మంలో, నేను నీళ్ల గ్లాసులతో. మామ కండువా మడిచి జేబులో పెట్టుకున్నాడని నాకు బాగా గుర్తు.

ఎస్సై నా అర్జీ పైకే చదివి మామను అడిగాడు. "గిట్ల రాసిన్రు. నువ్వే సొసైటీ ప్రెసిడెంటువి గదా. చెట్టు నీదేనా? ఎక్కించింది నువ్వేనా? ఎక్కించినవంటే నీ చెట్ల సంగతి గూడ నేను రాయాలె, ముందే చెప్తున్న."

మామ నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి నాయన కాలి మీద చేయి వేశాడు, స్పర్శ లేని ఆ ఎడమ కాలి మీద. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నేను ఆయన మొహమే చూస్తున్నాను.

మాట్లాడింది నాయన. "చెట్టు కాదు సార్. గోడ మీదికెల్లి పడ్డ. ఈ ఇంటి పిట్టగోడ. బిడ్డ చిన్నది, పింఛనొస్తదని ఎవరో చెప్తే గట్ల రాసింది. తప్పయింది."

ఎస్సై తలెత్తి పైన రేకుల్ని ఒకసారి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నాయన నన్ను అబద్ధాలకోరును చేశాడు, అదీ నా ఎదురుగానే, నా దస్తూరి చేతిలో ఉన్న మనిషి ముందు. అమ్మ గుమ్మంలోంచి "గట్ల కాదు సార్" అని మొదలుపెట్టింది గానీ, నాయన "నువ్వూకో" అన్నాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడి ఏళ్లయింది.

ఎస్సై చెడ్డవాడు కాదు. తప్పుడు అర్జీ అని రాస్తే మాకే చుట్టుకుంటుందని, వాపసు తీసుకుంటున్నట్టు ఒక ముక్క రాసివ్వమన్నాడు. నాయనకు రాయడం రాదు. నేనే రాశాను. 'పొరపాటున దరఖాస్తు చేసుకున్నాము, ఉపసంహరించుకుంటున్నాము.' కింద నాయన వేలిముద్ర వేశాడు. ఇంకు డబ్బా పట్టుకున్నది మామ. బయటికి పోతూ నా తల నిమరబోతే నేను పక్కకు జరిగాను. ఆయనకు అర్థమయింది. అయినా ఆగలేదు.

ఆ కాగితం నకలు పట్టుకుని మండలాఫీసుకు పోయాను. ఆ క్లర్కే ఉంది. రెండుసార్లు చదివింది.

"ఇది ఇవ్వం అని వాళ్లు రాసిన కాగితం కాదమ్మా. మీరే వద్దనుకున్నట్టుంది. వాళ్లు కాదంటే నేను చూస్తాను. మీరే వద్దంటే ఎలా?"

"చెట్టు కాదు మేడం, గోడే," అన్నాను. ఏడుపు వచ్చింది.

"మొన్న చెట్టన్నావు. అదీ రాసి ఉంది ఇక్కడ." ఎర్ర సిరా మీద వేలు పెట్టి చూపించింది. "పై వాళ్లని అడుగుతానులే" అని ఫైలు కింద పెట్టింది. ఆ ఫైలు మళ్లీ పైకి రాలేదు. బయట గేటు దగ్గర ఆంధ్రా ఉద్యోగులు వెళ్లిపోవాలని ఎవరో గోడకు రాసి ఉంది. ఆవిడ మీద నాకు కోపం రావాలని ప్రయత్నించాను, రాలేదు. ఆవిడ చెప్పిందే చేసింది. మాటిచ్చి మింగినవాడు మావాడే. అంతకన్నా దగ్గరివాడు ఇంట్లో మంచం మీద ఉన్నాడు.

ఇంటికి పోయి అడిగాను. నాయనను అంత గట్టిగా అడగడం అదే మొదలు, అదే చివర.

"ఎందుకు గట్ల చెప్పినవ్?"

"ఆయన చెట్లు పోతయ్ బిడ్డా. తాతల నాటి చెట్లు. నలుగురిల తిరుగుతున్నడు, ఇజ్జత్ పోతది."

"మరి మన సంగతి?"

నాయన నన్ను బాధపెట్టాలని కాదు, నిజంగానే ఆలోచించి చెప్పాడు. "మనకు అలవాటైంది గదా."

అమ్మ అప్పుడే రెండో హాస్టల్ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. "నీకు అలవాటైంది. నాకు కాలే," అంది. అంతే. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ ఇంట్లో అమ్మ, నాయన నా ద్వారానే మాట్లాడుకున్నారు.

మామ మమ్మల్ని మోసం చేశాడని చాలామందికి చెప్పాను. అది సగమే నిజం. మామ నోరు విప్పలేదు, అంతే. అబద్ధం ఆడింది మా నాయన. తన బిడ్డ ఒకవైపు, బావ ఒకవైపు నిలబడితే ఆయన క్షణం కూడా తడబడలేదు. ఆయన మంచివాడని ఎవరైనా అంటే, ఎవరికి, అని అడగాలనిపిస్తుంది.

అమ్మ రెండో హాస్టల్ మానలేదు. నేను డిగ్రీలో చేరాను గానీ తరగతులకు పోయింది తక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో నిలబడ్డాను. మామ మా ఇంటికి రావడం మానేశాడు. రాఖీ పండుగలు వచ్చాయి, పోయాయి. అమ్మ ఆయన పేరెత్తలేదు.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు షాపు మూసి రోడ్డు మీద మేమంతా డాన్సు చేశాం, నేను కూడా. ఆ సంతోషం అబద్ధం కాదు. తర్వాత పింఛన్లకు మళ్లీ కొత్తగా దరఖాస్తులు తీసుకున్నారు. ఈసారి ఎక్కడి నుంచి పడ్డావని ఎవరూ అడగలేదు. వికలాంగుల సర్టిఫికెట్ చూశారు, రాసుకున్నారు. కొన్నాళ్లకు నాయన పేరు లిస్టులో వచ్చింది. ఆ వారమే కాలనీ మీటింగ్‌లో మామ, ఫలానా వికలాంగుడికి తానే దగ్గరుండి పింఛన్ ఇప్పించానని చెప్పుకున్నాడని పక్కింటి వాళ్లు వచ్చి చెప్పారు. వాళ్లు ఇంకో మాట కూడా అన్నారు, ఈ లిస్టులు ప్రతిసారీ సరిచూస్తారట, ఎవరి పేరు ఉంచాలో తీయాలో మామ లాంటివాళ్లను అడిగే రాస్తారట. అమ్మ ఆ మాట రెండోసారి చెప్పించుకుని వింది.

మొదటి పింఛన్ అందిన రోజు నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత మొహం తేటగా ఉంది.

"మామకు ఫోన్ కలిపియ్యి బిడ్డా. ఒక మాట చెప్తే మంచిగుంటది."

నేను కలపనన్నాను. ఆయన చేసిందేమీ లేదని, చేయనిదే ఎక్కువని, ఇన్నేళ్లూ దాచుకున్నదంతా కక్కేశాను. నాయన వింటూ కూర్చున్నాడు. నేను ఆపాక, "కలిపియ్యి" అన్నాడు మళ్లీ.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని, నా చేతిలోని ఫోన్ తీసుకుని, నంబరు వెతికి తనే కలిపింది. నాయన చెవి దగ్గర పెట్టింది. అవతల మామ గొంతు వినిపించింది, అదే పెద్ద గొంతు. నాయన నవ్వుతూ, "ఆఁ బావా, వచ్చింది, నీ దయ" అంటున్నాడు.

అమ్మ ఫోన్‌కి దగ్గరగా వంగింది. నా వైపు చూడలేదు.

"మంచిగున్నవా అని నేను గూడ అడిగిన్నని చెప్పు," అంది.